వారాలమ్మాయి

బంజారా హిల్సులో కాపురమని చెబితే చాలు, బంధువులకు రెండు అనుమానాలు పుట్టుకొస్తాయి. ఒకటి, మా దగ్గర డబ్బు మూలుగుతోందని. రెండోది, సినిమావాళ్లంతా మాకు ఇరుగుపొరుగని. మొదటిది ఎంత నిజమో మా వారి పింఛను పుస్తకం చూస్తే తెలుస్తుంది. రెండోదాన్ని మాత్రం బొత్తిగా కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. పన్నెండో నంబరు రోడ్డు పట్టుకుని కాస్త దూరం పోతే ఫిల్మ్‌నగర్. కూరలకని బయలుదేరితే ఏ షూటింగు వ్యానో దారికడ్డంగా నిలబడి ఉండడం మాకు మామూలే.

అంచేత 2018 జూన్‌లో పదిహేనేళ్ల పిల్ల ఒకతె రెండు జడలతో, ఒక పెట్టెతో మా గుమ్మంలో దిగేసరికి మా వాటాలవాళ్లందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. పై వాటా ఆవిడ మనసులో దాచుకునే రకం కాదు. “ఏమండీ, అమ్మాయి వేషాలకోసం వచ్చిందా?” అని అడిగేసింది. పిల్ల భుజాన పొడుగాటి సంచీ చూసి ఎదురు వాటా ఆయన, “కాదులెండి, ఏదో వాద్యం కాబోలు,” అన్నారు.

ఆ సంచీలో ఉన్నది హాకీ కర్ర.

ఆ పిల్ల మా పిన్ని కూతురి కూతురు. నాకు కూతురి వరస. మా పినతండ్రిగారు బడిపంతులుగా బోధన్ వైపు వెళ్లి, నిజాంసాగర్ కాలువ నీళ్లు రుచి మరిగి అక్కడే ఉండిపోయారు. పిల్ల తండ్రికి బోధన్‌లో చిన్న పుస్తకాల కొట్టూ, ఊరి చివర ఎకరంన్నర పొలమూ ఉన్నాయి. బళ్లో డ్రిల్లు మాస్టారు పిల్లల చేత హాకీ ఆడించేవారు. నిజామాబాదు నుంచి వెళ్లి భారత జట్టుకు ఆడిన యెండల సౌందర్య పేరు ఆ జిల్లాలో ఆడపిల్లలకు తెలుసు. మా పిల్లకూ ఆ పిచ్చి పట్టుకుంది. నాలుగేళ్లు మా ఇంట్లో ఉంది. ఆటల పిల్లను ఇంట్లో పెట్టుకోవడమంటే ఏమిటో ఆ నాలుగేళ్లలో మాకు తెలిసివచ్చింది. మరొక ఇంటికి పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

పల్లెలో మైదానం లేదా?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే. ఉంది. రెండెకరాల మట్టి నేల. చిక్కంతా అక్కడే.

ఒకప్పుడు హాకీని గడ్డి మీద ఆడేవారు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో మొదటిసారి కృత్రిమ పచ్చిక పరిచారు. 1928 మొదలుకుని ఆడిన ప్రతి ఒలింపిక్సులోనూ ఏదో ఒక పతకం తెచ్చుకున్న మన పురుషుల జట్టు ఆ ఏడు ఏడో స్థానంతో ఇంటికి వచ్చింది. తివాచీలాంటి ఆ పచ్చికను నీళ్లతో తడుపుతారు. దాని మీద బంతి గెంతదు, జారుతుంది. మట్టి నేల మీద బంతి ఏ గులకరాయి తగిలి ఎటు ఎగురుతుందో తెలియదు కనుక ఆడేవాళ్లు ముందు బంతిని ఆపి, తరువాత ఆలోచిస్తారు. తడి తివాచీ మీద బంతి వచ్చేలోగా ఆలోచన అయిపోవాలి. మట్టి మీద ఎంత బాగా ఆడినా, తివాచీ మీదికి వచ్చిన పిల్ల మళ్లీ ఓనమాలు దిద్దుకోవలసిందే. ఆలస్యమైన కొద్దీ చెయ్యి మొండికేస్తుంది.

అటువంటి మైదానం హైదరాబాదులో గచ్చిబౌలిలో ఉంది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైనప్పుడు ఆ పోటీలు అక్కడే జరిగాయి. మన హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. ఈ ఊరికి హాకీ కొత్తేమీ కాదు. 1992, 1996, 2000 ఒలింపిక్సు మూడింటా ఆడిన ముకేశ్ కుమార్ హైదరాబాదువాడే. ఇక పిల్లలు ఉండి నేర్చుకోవడానికి హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది గాని, అక్కడ చిన్న తరగతుల్లోనే చేర్చుకుంటారు. మా పిల్లకు ఆ వయస్సు దాటిపోయింది. మిగిలినది చుట్టాల ఇల్లు.

వారాల కాలం నుంచీ

పరాయి ఇంట ఉండి పైకి రావడం మనకు కొత్త కాదు. పూర్వం చదువుకోసం పట్నం వెళ్లిన బీద పిల్లవాడు ఏడిళ్లు మాట్లాడుకునేవాడు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట భోజనం. దాన్ని వారాలు చేసుకోవడమనేవారు. వారాలబ్బాయి వచ్చే రోజున ఇంటి ఇల్లాలు గిద్దెడు బియ్యం ఎక్కువ పోసేది. అంతే, అదో పెద్ద దానమని ఎవరూ అనుకోలేదు. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆయనను రాజమండ్రి తీసుకువెళ్లి చదువు సాగేలా చూసినవారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు. చదువుల సంగతి అలా ఉంచితే, కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామ్మూర్తి నాయుడు పుట్టింది వీరఘట్టంలో అయినా, వ్యాయామం నేర్చి కండ పెంచింది విజయనగరంలో పినతండ్రి ఇంట ఉండి. ఆ పినతల్లి రోజూ ఎంత వండేదో చరిత్రలో ఎవరూ రాయలేదు. రాయవలసింది.

కెనడా దేశంలో ఇది ఒక ఏర్పాటుగానే నడుస్తోంది. అక్కడ హాకీ అంటే మంచుగడ్డ మీద ఆడే ఆట. పదహారు పదిహేడేళ్ల కుర్రాళ్లు జూనియర్ జట్లలో చేరి వందల మైళ్ల దూరం పోతారు. జట్టువాళ్లు ఆ ఊళ్లోని సంసారుల ఇళ్లు వెతికి తలొక ఇంట పెడతారు. తిండి ఖర్చులకు నెలనెలా కొంత ఇస్తారు. అటువంటి ఇంటిని బిల్లెట్ అంటారు. పూర్వం సిపాయిలకు పౌరుల ఇళ్లల్లో బస ఏర్పాటు చేసేవారే, ఆ మాటే ఇది. ఆ ఆటలో మహా ఘనుడనిపించుకున్న వేన్ గ్రెట్‌స్కీ పద్నాలుగో ఏట సొంత ఊరు విడిచి టొరంటోలో మరొకరి ఇంట ఉండి ఆడాడు. సిడ్నీ క్రాస్బీ అనే కుర్రాడు 2005లో పద్దెనిమిదో ఏట పిట్స్‌బర్గ్ జట్టులో చేరితే, ఆ జట్టు యజమానీ తానూ గొప్ప ఆటగాడూ అయిన మారియో లెమ్యూ అతన్ని తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. నలుగురు పిల్లలున్న ఇల్లు. హోటలు గదికి ఆ పిల్లవాడి జట్టుకు డబ్బు లేక కాదు కదా! క్రాస్బీ 2010 దాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు.

ఇన్ని చెప్పాను గాని, చూశారా, అందరూ మగపిల్లలే. వారాలబ్బాయి అనే మాట మనకుంది. వారాలమ్మాయి అనే మాట లేదు. ఆడపిల్ల చదువుకోసమే కదిలేది కాదు, ఇక ఆటకోసమా? మా పిల్ల తండ్రి ఆ జూన్ నెలలో మా హాల్లో సోఫా అంచున కూర్చుని చెమట తుడుచుకుంటూ ఉంటే, ఆయన తెచ్చిన బరువు ఆ పెట్టెలోది కాదని నాకు తెలిసిపోయింది. ఊళ్లో ఆయనను అడగని వాళ్లు లేరు: “ఆడపిల్లను నిక్కరు తొడిగి పట్నం పంపుతున్నావటగా?”

ఒప్పందం

ఆయన జేబులోంచి కవరు తీశారు. “వదినగారూ, నెలకింతని మీరే చెప్పండి,” అన్నారు. మా వారు తీసుకోనన్నారు. నాకు రెండు వైపులా భయమే. డబ్బు పుచ్చుకుంటే అద్దెకున్న పిల్ల అవుతుంది. ఏమీ పుచ్చుకోకపోతే ధర్మానికున్న పిల్ల అవుతుంది. రెండూ ఇంట్లో తిరిగే పిల్లకు ముల్లులా గుచ్చుకునేవే. చివరికి మా అత్తగారు తీర్పు చెప్పారు. ఆవిడకప్పుడు ఎనభై ఆరేళ్లు. “పొలంలో పండిన బియ్యం పంపించు నాయనా. ఇంటిల్లిపాదీ తింటాం. అప్పుడు అది మా బియ్యం తిన్నట్టూ ఉండదు, మేం దాని డబ్బు తిన్నట్టూ ఉండదు.” ఆ నాలుగేళ్లూ పంటకోసారి బోధన్ బస్తా దిగింది.

ఇంకా మూడు సంగతులు ఆ పూటే తేల్చుకున్నాం. పిల్లకు దెబ్బ తగిలితే డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకువెళ్లే అధికారం మాకుండాలి. ఊళ్లోంచి అనుమతి వచ్చేదాకా ఆగడం కుదరదు. చదువు మానకూడదు. రాత్రి ఎనిమిది గంటలకు అమ్మతో ఫోను, ఆ పది నిమిషాలూ మేము గదిలో ఉండం. ఈ మూడోది మా వారి ఆలోచన. మా మీద ఫిర్యాదు చేసుకోవడానికి పిల్లకు చోటుండాలిట. చేసిందో లేదో ఇప్పటికీ తెలియదు. అది ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ వంటింట్లో నా చెయ్యి మాత్రం ఆడేది కాదు.

గడియారం మారింది

మా ఇంట్లో ఉదయం ఆరుకు కాఫీ. పిల్ల వచ్చిన మర్నాటి నుంచి నాలుగుంపావుకే గడియారం మోగింది. ఐదున్నరకు మైదానంలో ఉండాలి. మా వారు స్కూటరు మీద ఫిల్మ్‌నగర్ మీదుగా షేక్‌పేట దిగి, రాయదుర్గం దాటి గచ్చిబౌలి చేర్చేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆఫీసుకు వేళకు వెళ్లని మనిషి పింఛను పుచ్చుకున్నాక ఇంత నియమం పాటిస్తారని నేను కలగనలేదు. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చాక సాయంకాలాలు అది తనంతట తనే జూబిలీ హిల్స్ చెక్‌పోస్టులో దిగి వచ్చేది. తెల్లవారుజామున మాత్రం స్కూటరే గతి. ఆ వేళకు రైలు లేదు.

తిండి మాటకొస్తే, కొలతలన్నీ తలకిందులయ్యాయి. మూడు పెసరట్లు తిని, ‘ఇంకా పొయ్యి వెలుగుతోందా?’ అన్నట్టు వంటింటి వైపు చూసేది. నాలుగు పావుల ఆట, ఒక్కొక్క పావు పదిహేను నిమిషాలు. ఆటకు గంటే. సాధనకు మాత్రం పూటకు రెండు గంటలు, రోజుకు రెండు పూటలు. పరిగెత్తి వచ్చిన అరగంటలోగా ఏదైనా కడుపులో పడాలని శిక్షకురాలు చెప్పింది. డబ్బాలో అరటిపండూ, వేరుసెనగ ఉండలూ, రాగి జావా సర్దేదాన్ని. పాలు రోజుకు లీటరు ఎక్కువ పోయించుకున్నాం.

అంతవరకు బాగానే ఉంది. తరువాత వచ్చింది గుడ్ల సమస్య. రోజుకు రెండు గుడ్లు తింటే మంచిదని శిక్షకురాలు రాసి పంపింది. మా వంటింట్లో నీరుల్లి కూడా ఏకాదశి నాడు తలదాచుకునేది. చీటీ చదివి మా అత్తగారికి చెప్పడం ఎలాగా అని నేను రెండు రోజులు నలిగాను. మూడో రోజు ఆవిడే అడిగారు, “ఏమిటే అమ్మాయ్, ఆ కాగితం అస్తమానం మడుస్తావూ విప్పుతావూ?” చెప్పాను. ఆవిడ కాసేపు విసనకర్ర విసురుకున్నారు. “వంటింట్లో వద్దు. బాల్కనీలో చిన్న కరెంటు పొయ్యి పెట్టించు. ఉడకబెట్టేది అదే, కడిగేది అదే. నేను అటు చూడను. గిన్నె మాత్రం వేరే,” అన్నారు. అప్పటినుంచి రోజూ ఐదు గంటలకు బాల్కనీ తలుపు చాటున గుడ్లు ఉడికేవి. ఆవిడ జపమాల తిప్పుకుంటూ లోపలినుంచి, “పది నిమిషాలైంది, దింపవే!” అని కేకవేసేవారు. అటు చూసేవారు కాదు గాని, వేళ మాత్రం ఆవిడదే.

తడిపిన తివాచీ మీద ఆడే ఆట కనుక బూట్లు రోజూ తడిసే వచ్చేవి. పాత వార్తాపత్రికలు ఉండలు చుట్టి లోపల కుక్కితే తెల్లారేసరికి ఆరుతాయి. తూకానికి వేసే కాగితాలు మా ఇంట్లో ఆ నాలుగేళ్లూ మిగల్లేదు. ముంగాళ్లకు కట్టే పట్టీల వాసన సంగతి మాత్రం వర్ణించను. సభ్యులు చదివే పత్రిక ఇది. హాకీ కర్రకు ఒక్కవైపే చదునుగా ఉంటుంది, బంతిని ఆ వైపుతోనే కొట్టాలి. రెండో వైపు తగిలితే తప్పు. మా అత్తగారు ఈ నియమం తెలియక, కరివేపాకు కొమ్మ వంచడానికి రెండు వైపులా వాడేవారు.

దెబ్బ

2019 వేసవిలో పిల్లకు చీలమండ బెణికింది. ఇంటికి తెచ్చేసరికి కాలు బూరెలా పొంగింది. పై వాటా ఆవిడ వేడి నువ్వుల నూనె పట్టుకుని పరుగున వచ్చింది, గట్టిగా రుద్దితే రాత్రికి తగ్గిపోతుందని. ఇటువంటప్పుడు ఇంటివాళ్లకు కావలసినది కాస్త మొండితనం. మొదటి రెండు రోజులూ రుద్దనూ కూడదు, వేడి కాపడమూ పెట్టకూడదు. మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంటకు మించకుండా ఉంచి తియ్యడం, సాగే కట్టు కట్టడం, దిండు మీద కాలు ఎత్తి పెట్టడం, ఎముక సంగతి డాక్టరుకు చూపడం. ఇవే చేయవలసినవి. నూనె గిన్నె పుచ్చుకుని ఆవిడకు కాఫీ ఇచ్చి పంపాం. మూడు వారాల తరువాత డాక్టరు సరేనన్నాకే కర్ర ముట్టుకోనిచ్చాం.

తల్లులు మాత్రమే అడిగే సంగతి ఇంకొకటుంది. ఆటలాడే ఆడపిల్లలకు నెలసరి తప్పడమో, రక్తం తగ్గిపోవడమో జరిగితే, అది శ్రమకు తగ్గ తిండి పడడం లేదనడానికి గుర్తు కావచ్చు. పిల్ల సిగ్గుపడి చెప్పదు. మనం సిగ్గుపడి అడగం. ఇద్దరి సిగ్గు మధ్యా పిల్ల ఎండిపోతుంది. నేను అడిగేదాన్ని. తోటకూర, బెల్లం, నిమ్మరసం ఎక్కువ చేశాను. డాక్టరు చెప్పిన ఇనుము మాత్రలు భోజనం తరువాత కాఫీతో మింగకుండా కాపలా కాసేదాన్ని.

జాబితా

ఆ సంవత్సరమే చలికాలంలో రాష్ట్ర జట్టు జాబితా వచ్చింది. అందులో మా పిల్ల పేరు లేదు.

వచ్చి బూట్లు విప్పి, వాటిలో కాగితాలు తనే కుక్కి, స్నానం చేసి పుస్తకం ముందేసుకు కూర్చుంది. పుట తిరగడం లేదు. మేము ఏమని పలకరించాలో తెలియక ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. మా అత్తగారికి చెవులు సరిగా వినపడవు గాని, ఇటువంటివి వినపడతాయి. “ఏమే, ఆకలి లేదా?” అన్నారు. “లేదు మామ్మా.” “అయితే నాకు కలిపి పెట్టు. నా చేతులు వణుకుతున్నాయి.” పిల్ల పెరుగన్నం కలిపింది. ముసలావిడకు ఒక ముద్ద, తనకొక ముద్ద. ఆట మాట ఎవరూ ఎత్తలేదు.

రెండు రోజులకు తండ్రి వచ్చారు. ఆయన మాటలో కోపం లేదు, అలసట ఉంది. “వదినగారూ, ఒకటిన్నర ఏడాదైంది. మీకూ శ్రమ. ఇంటరు అక్కడే పూర్తి చేస్తుంది. తరువాత సంబంధాలు చూసుకోవచ్చు. తీసుకుపోతాను.”

మా వారు రజని పేరు ఎత్తారు. ఇతిమర్పు రజనిది అప్పటి చిత్తూరు జిల్లాలో ఎనుములవారిపల్లె. తండ్రి వడ్రంగం పని చేసేవారు. మన మహిళల హాకీ జట్టు 1980 తరువాత ముప్పై ఆరేళ్లకు, 2016లో రియో ఒలింపిక్సుకు వెళితే, ఆ జట్టుకు ఆ పల్లె పిల్ల అదనపు గోల్‌కీపరు.

“ఆ సంగతి నాకూ తెలుసు అన్నయ్యగారూ,” అన్నారాయన. “జట్టుకు పదహారు మంది. రజని ఒక్కతె కనిపిస్తుంది. కనిపించని వాళ్లు ఎంతమంది? వాళ్ల తండ్రులు ఏం చేశారు?”

ఈ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉన్నట్టు నటించడం అన్యాయం. ఆయన మాట అక్షరాలా నిజం. హాకీ కర్ర పట్టిన వెయ్యిమందిలో ఒక్కరు కూడా ఒలింపిక్సుకు పోరు. పిల్ల ఆయనకు సొంతం. మాకున్నది స్కూటరూ, బాల్కనీ పొయ్యీ. అంచేత మేము ఉంచుతామనీ అనలేదు, పంపుతామనీ అనలేదు. “రేపు పొద్దున మైదానానికి ఒకసారి వెళ్లి చూసి రండి. తరువాత మీరూ అదీ మాట్లాడుకోండి,” అన్నారు మా వారు.

ఆయన కూతురి ఆటను పల్లెలో చూశారు గాని, తివాచీ మీద ఎన్నడూ చూడలేదు. మా పిల్ల వెనక వరసలో, గోలు ముందు ఆడుతుంది. ఆ స్థానంలో ఉన్నవాళ్లకు మైదానమంతా కనబడుతుంది కనుక ముందున్నవాళ్లకు కేకవేసి చెబుతూ ఉండాలి. ఇంట్లో ఉప్పు కావాలన్నా గొంతు పెగలని పిల్ల, అక్కడ తనకంటె పెద్ద పిల్లల్ని “ఎడమకు! ఎడమకు!” అని గదమాయిస్తోంది. వాళ్లు వింటున్నారు. ఆయన కంచె పట్టుకుని గంటన్నర నిలబడ్డారుట. తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు మీద ఒక్క మాటే అన్నారుట, “ఇది ఇంత గట్టిగా మాట్లాడుతుందని నాకు తెలియదండీ.”

ఆ మధ్యాహ్నం తండ్రీ కూతురూ బాల్కనీలో మాట్లాడుకున్నారు. మేము లోపలే ఉన్నాం. పిల్ల ఒక్క ఏడు గడువు అడిగింది. ఆయన ఇచ్చారు. బస్సెక్కేముందు నాతో, “బియ్యం అయిపోవచ్చాయా?” అని మాత్రం అడిగారు.

మేడ మీద మైదానం

అడిగిన ఏడు కాస్తా కరోనా మింగింది. 2020 మార్చిలో తలుపులన్నీ మూసుకున్నాయి. మైదానానికి తాళం పడింది. పిల్ల మా ఇంట్లోనే చిక్కుకుపోయింది. డాబా మీద పాత తివాచీ ముక్క పరిచి, టెన్నిసు బంతితో గోడకు కొట్టి ఆపడం మొదలుపెట్టింది. పై వాటా ఆవిడ మొదటి రోజున నెత్తి మీద పిడుగులు పడుతున్నాయని ఫిర్యాదు చేసింది. నాలుగో రోజున డాబా ఎక్కి కూర్చుని, తాడాట లెక్క పెట్టడం మొదలుపెట్టింది. ‘వేషాలా?’ అని అడిగిన ఆవిడే చివరికి గడియారం పట్టుకున్న శిక్షకురాలైంది.

2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్సు. రెండో తారీఖున మన అమ్మాయిలు ఆస్ట్రేలియాను ఒక్క గోలుతో ఓడించారు. గోలు కొట్టినది గుర్జీత్ కౌర్. ఆ కేకలకు మా వాటాలవాళ్లంతా మెట్ల మీదికి వచ్చారు. రజని అప్పుడు అదనపు గోల్‌కీపరుగా వెళ్లింది. ఆరో తారీఖున కాంస్యం కోసం బ్రిటన్‌తో పోటీ. ఉదయం ఏడు గంటలకే అందరం టెలివిజను ముందు చేరాం. 3-4తో ఓడిపోయాం. తెర మీద పిల్లలు మోకాళ్ల మీద కూలబడి ఏడుస్తున్నారు. మా పిల్ల ఏడవలేదు. లేచి, కర్ర పుచ్చుకుని డాబా ఎక్కింది. గోడకు బంతి తగిలే చప్పుడు తొమ్మిదింటిదాకా వినబడింది. ఆ రోజు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఆ శీతాకాలం రాష్ట్ర జట్టు జాబితాలో దాని పేరు వచ్చింది. 2022లో క్రీడాకారుల కోటాలో రైల్వేలో ఉద్యోగం వచ్చింది. సికింద్రాబాదులో తోటి ఆటగత్తెలతో గది తీసుకుంది. భారత జట్టుకు ఆడలేదు. 2025 జనవరిలో రాంచీలో మహిళలకు మొదటిసారి హాకీ ఇండియా లీగ్ జరిగినప్పుడు ఆ నాలుగు జట్లలో దేనిలోనూ అది లేదు. తండ్రి అడిగిన ‘కనిపించని వాళ్ల’లో మా పిల్ల ఒకతె. కాని సొంత జీతంతో బతుకుతోంది, ఇంకా ఆడుతోంది, పెళ్లి ఎప్పుడో తనే చెబుతానంది. ఆయన సరేనన్నారు. ఊళ్లో వాళ్లు ఇప్పుడు ఆయనను అడిగేది వేరే ప్రశ్న: “మా పిల్లను కూడా పంపమంటారా?”

పంపవచ్చు. కాని తీసుకునే ఇంటివాళ్లు కొన్ని తెలుసుకోవాలి. గుమ్మంలో అడుగు పెట్టగానే “గెలిచారా?” అని అడగవద్దు. మైదానంలో శిక్షకులు అడుగుతారు, ఊళ్లో అందరూ అడుగుతారు. అడగని చోటు ఒక్కటైనా ఉండాలి. “కాళ్లు కడుక్కుని రా, తిందువుగాని” అంటే చాలు. వచ్చిన చుట్టాల ముందు పిలిచి ప్రదర్శన పెట్టవద్దు. ఆటల పిల్ల కదా అని ఇంటి పని పూర్తిగా తప్పించవద్దు. తన కంచం తను కడుక్కుంటేనే అది తన ఇల్లవుతుంది. అమ్మానాన్నల స్థానంలోకి ఎక్కి కూర్చోవద్దు. పిల్ల పెద్దదయ్యాక, ఎవరి ఇంట ఎన్ని ముద్దలు తిన్నదీ లెక్క చెప్పవద్దు. వారాలు పెట్టిన ఇల్లాళ్లు ఆ లెక్క రాసి పెట్టుకోలేదు.

మొన్న బాపట్ల నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. వాళ్ల మరిది కూతురు కబడ్డీ ఆడుతుందట, హైదరాబాదులో ఒక ఏడాది ఉండాలట, మాకు వీలవుతుందా అని. ఇంట్లో అడిగి చెబుతానన్నాను. మా అత్తగారికిప్పుడు తొంభై దాటాయి. మంచం మీదనుంచే విని, జపమాల పక్కన పెట్టారు.

“ఆ పిల్ల గుడ్లు తింటుందేమో కనుక్కో. బాల్కనీలో పొయ్యి బాగు చేయించాలి.”